30 ఆంపియర్ల ఈఎస్‌సీ 28 ఆంపియర్లకే ఎందుకు కాలిపోయింది?

మా మేనల్లుడు బెంగళూరులో నాలుగేళ్లు ఉద్యోగం చేసి పోయిన వేసవిలో చెన్నైకి మారాడు. సామాన్లతో పాటు తన చేత్తో కట్టుకున్న రేడియో కంట్రోల్ ఫోమ్ విమానాన్నీ జాగ్రత్తగా తెచ్చుకున్నాడు. అక్కడ ఏడాదికి పైగా ఏ ఇబ్బందీ పెట్టకుండా ఎగిరిన విమానం అది. ఇక్కడ మీనంబాక్కంలో విమానాశ్రయం, తాంబరంలో వాయుసేన స్థావరం ఉన్నాయి కాబట్టి ఊరికి దూరంగా, చెంగల్పట్టు దాటాక ఒక బీడు భూమికి వెళ్లాం. కత్తెర ఎండల రోజులు. మొదటి ఆదివారం బాగానే ఎగిరింది. రెండో ఆదివారం ఏడో నిమిషంలో మోటారు ఆగిపోయింది. వెంటనే రెక్కలు, తోక కూడా మాట వినడం మానేశాయి. విమానం ముక్కు కిందికి పెట్టి నేలకు గుద్దుకుంది. పొట్ట మీది మూత తీస్తే గుప్పున కాలిన వాసన. మోటారు వేగాన్ని అదుపు చేసే చిన్న బోర్డు ఈఎస్‌సీ. దాని మీది ప్లాస్టిక్ తొడుగు ముడుచుకుపోయి నల్లగా ఉంది.

"మామయ్యా, దీని మీద 30 ఆంపియర్లని రాసి ఉంది కదా. బెంగళూరులో వాట్‌మీటర్ పెట్టి కొలిచాను, ఫుల్ థ్రాటిల్‌లో 27 దాటలేదు. మరి ఎందుకు కాలింది?" అని అడిగాడు.

ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు బాగుచేయడం నా వృత్తి. కాలిన బోర్డులు ముందేసుకుని కూర్చోవడం నాకు కొత్త కాదు. కానీ ఆ ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు లేదు. అది చెప్పాలంటే అరచేతిలో ఇమిడే ఆ చిన్న బోర్డు ఏం చేస్తుందో మొదటి నుంచీ చెప్పుకురావాలి.

పాత ఇళ్లలో ఫ్యాన్ రెగ్యులేటర్ గుర్తుందా? గోడకు పెద్ద నల్లటి డబ్బా. ఫ్యాన్‌ను తక్కువలో పెట్టి ఆ డబ్బా మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలేది. లోపల నిరోధపు తీగచుట్టలు ఉండేవి. ఫ్యాన్‌కు వెళ్లకుండా ఆపిన శక్తిలో కొంత అక్కడే వేడిగా మారేది. రేడియో కంట్రోల్ కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో వాటికీ ఇలాంటి ఏర్పాటే ఉండేది. సర్వో అనే చిన్న మోటారు చేయి కదిలి నిరోధాల మీద రాగి ముక్కను జరిపేది, కారు నెమ్మదించేది, బ్యాటరీ మాత్రం ఖాళీ అవుతూనే ఉండేది.

ఈఎస్‌సీ, అంటే ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్, కరెంటుకు అడ్డుపడదు. అది ఒక స్విచ్. బ్యాటరీని మోటారుకు పూర్తిగా కలుపుతుంది, పూర్తిగా విడదీస్తుంది. సెకనుకు 8 వేల సార్లో, 16 వేల సార్లో, ఇప్పటి వాటిలో 24 వేలు, 48 వేల సార్లో. చిన్నప్పుడు సైకిల్‌ను తిరగేసి నిలబెట్టి వెనక చక్రాన్ని అరచేత్తో తట్టి తిప్పేవాళ్లం. గట్టిగా పట్టుకుని తిప్పక్కర్లేదు, తట్టి వదిలేస్తే చక్రం తన ఊపులో తాను తిరుగుతుంది. ఎక్కువసేపు తోస్తే జోరుగా, తక్కువసేపు తోస్తే నెమ్మదిగా. థ్రాటిల్ సగంలో ఉందంటే మోటారుకు సగం వోల్టేజీ పోతోందని కాదు, సగం సమయం పూర్తి వోల్టేజీ పోతోందని. దీన్నే పీడబ్ల్యూఎం అంటారు. ఈ స్విచ్ పని చేసేది మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్.

మూడు తీగల మోటారు

బొమ్మ కార్లలో ఉండే రెండు తీగల మోటారుకు ఇంతే చాలు. దాని లోపల కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. ఏ చుట్టకు ఎప్పుడు కరెంటు వెళ్లాలో అవే రాసుకుంటూ చూసుకుంటాయి. ముందుకూ వెనక్కూ నడవాలంటే నాలుగు స్విచ్‌లతో ఒక వంతెన కడితే సరిపోతుంది.

ఇప్పుడు విమానాల్లో, డ్రోన్లలో వాడే బ్రష్‌లెస్ మోటారుకు మూడు తీగలు ఉంటాయి. అందులో బ్రష్‌లు లేవు, రాపిడి లేదు. కానీ బ్రష్‌లు చేసే పని ఎవరో ఒకరు చేయాలి కదా? ఆ భారం ఈఎస్‌సీ మీద పడింది. మూడు తీగలకు తలా రెండు స్విచ్‌లు, ఒకటి బ్యాటరీ ప్లస్ వైపు, ఒకటి మైనస్ వైపు. మొత్తం ఆరు. ఏ క్షణంలో చూసినా రెండు తీగల్లోనే కరెంటు ఉంటుంది, మూడోది ఖాళీగా ఉంటుంది. ఈ జతలు మార్చడానికి ఆరు పద్ధతులు ఉన్నాయి. వాటిని వరసగా తిప్పితే అయస్కాంత క్షేత్రం తిరుగుతుంది, దాని వెంట మోటారు గంట, అంటే అయస్కాంతాలున్న బయటి డొప్ప, తిరుగుతుంది. రెండు తీగలను అటూ ఇటూ మారిస్తే వరస తలకిందులై మోటారు వెనక్కి తిరుగుతుంది. ప్రొపెల్లర్ ఉల్టా తిరుగుతోందంటే చేయాల్సిన రిపేరు అంతే.

ఈ మార్పిడి ఎంత వేగమో ఒకసారి లెక్క వేద్దాం. విమానాల్లో ఎక్కువగా కనిపించే మోటారులో 12 చుట్టలు, 14 అయస్కాంతాలు ఉంటాయి. 14 అయస్కాంతాలంటే 7 జతలు. ఒక్కో జతకు ఆరు అడుగులు. మోటారు నిమిషానికి 10 వేల చుట్లు తిరుగుతుంటే సెకనుకు సుమారు 167 చుట్లు, 7తో, మళ్లీ 6తో గుణిస్తే సెకనుకు 7 వేల మార్పులు. ఒక్కో అడుగుకు ఉన్న వ్యవధి సెకనులో ఏడు వేలో వంతు. అంతలోనే అయస్కాంతం ఎక్కడుందో తెలుసుకుని తర్వాతి జతకు మారాలి.

ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఖాళీగా వదిలేసిన ఆ మూడో తీగ చెబుతుంది. తిరిగే మోటారు తనకు తాను ఒక జనరేటర్ కూడా. అయస్కాంతం దాటుతున్నప్పుడు ఖాళీ చుట్టలో చిన్న వోల్టేజీ పుడుతుంది. దాన్ని బ్యాక్ ఈఎంఎఫ్ అంటారు. అది సరఫరా వోల్టేజీలో సగం గీతను దాటిన క్షణాన్ని ఈఎస్‌సీ పసిగడుతుంది. ఈ వెనక వోల్టేజీ నిజంగా ఉందా అని అనుమానం ఉంటే, దేనికీ కలపని మోటారును చేత్తో తిప్పి చూడండి, తేలిగ్గా తిరుగుతుంది. తర్వాత మూడు తీగల కొసలు ఒకదానికొకటి కలిపి పట్టుకుని తిప్పండి. బెల్లం పాకంలో తిప్పినట్టు బరువుగా ఉంటుంది. పుట్టిన కరెంటు ఆ చుట్టలోనే తిరిగి తననే అడ్డుకుంటోంది. మడిచే ప్రొపెల్లర్ ఉన్న గ్లైడర్లలో బ్రేక్ అని ఈఎస్‌సీ చేసేది ఇదే.

మోటారు ఆగి ఉన్నప్పుడు మాత్రం బ్యాక్ ఈఎంఎఫ్ ఉండదు. అంటే మొదలుపెట్టేటప్పుడు ఈఎస్‌సీ కళ్లకు గంతలు కట్టుకున్నట్టే. అందాజుగా రెండు మూడు జతలు తిప్పి, గంట కదిలాక చూపు తెచ్చుకుంటుంది. విమానంలో ప్రొపెల్లర్ గాల్లోనే కదా తిరగాలి, అందుకే ఇబ్బంది కనిపించదు. కారులో టైర్లు నేలను పట్టుకుని ఉంటాయి కాబట్టి అది గుటుక్ గుటుక్ మని వణికి కదులుతుంది. మంచి రేస్ కార్ల మోటారులో అయస్కాంతం ఎక్కడుందో పసిగట్టే హాల్ సెన్సర్లు పెట్టి, ఇంకొక సన్నటి కేబుల్ లాగేది ఈ లోటు తీర్చడానికే. గాల్లో ఉన్నా కూడా థ్రాటిల్‌ను హఠాత్తుగా పూర్తిగా తోస్తే, ఒక్కోసారి ఈఎస్‌సీ లెక్క తప్పి మోటారు కీచుమని ఆగిపోతుంది. దానికి హాబీ వాళ్లు వాడే మాట డీసింక్.

ఇంకొక విషయం చెప్పకుండా ఉండలేను. బ్యాటరీ పెట్టగానే వినిపించే ఆ పీప్ పీప్ శబ్దాలు ఈఎస్‌సీలోని స్పీకర్‌వి కావు. దానిలో స్పీకరే లేదు. మోటారు చుట్టలకు తిరగడానికి చాలనంత కొద్ది కరెంటును, చెవికి వినిపించే వేగంతో ఇచ్చి మోటారుతోనే పలికిస్తుంది. మోటారు కలపకపోతే అందుకే మూగగా ఉంటుంది.

వేడి లెక్క

ఇప్పుడు కాలిన బోర్డు దగ్గరకు వద్దాం. స్విచ్ పూర్తిగా మూసి ఉంటే నష్టం లేదు, తెరిచి ఉంటే నష్టం లేదు. ఇది ఆదర్శ స్విచ్ మాట. అసలు మాస్‌ఫెట్‌కు మూసినప్పుడు కూడా కొంచెం నిరోధం ఉంటుంది. ఒక్కోదానికి 4 మిల్లీఓమ్‌లు అనుకుందాం, కరెంటు దారిలో ఎప్పుడూ రెండు ఉంటాయి కాబట్టి 8. ఫుల్ థ్రాటిల్‌లో 28 ఆంపియర్లు (27 కాదు, 28 ఎందుకో తర్వాత చెబుతాను) పోతుంటే, కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించాలి. 6 వాట్ల పైచిలుకు వేడి.

మా వాడు ఇక్కడ పప్పులో కాలేశాడు. "నేనెప్పుడూ ఫుల్ థ్రాటిల్‌లో ఎగరేయను, ముప్పావులోనే ఉంచుతాను, మీటర్‌లో అప్పుడు 14, 15 ఆంపియర్లే" అన్నాడు. వాట్‌మీటర్ బ్యాటరీ తీగల మీద ఉంటుంది. అది చూపించేది బ్యాటరీ ఇస్తున్న కరెంటు, మోటారులో తిరుగుతున్న కరెంటు కాదు. స్విచ్ తెరిచిన క్షణంలో బ్యాటరీ నుంచి ఏమీ రాదు, కానీ తీగచుట్టలో పారుతున్న కరెంటు ఒక్కసారిగా ఆగదు. అది చుట్టూ తిరిగి రావడానికి వేరే దారి వెతుక్కుంటుంది. పాతకాలపు లేదా చవకరకం ఈఎస్‌సీల్లో ఆ దారి మాస్‌ఫెట్‌లోనే ఉండే డయోడ్. డయోడ్ గుండా పోయే ప్రతి ఆంపియర్ దగ్గరా అది సుమారు 0.8 వోల్టు పన్ను వసూలు చేస్తుంది.

లెక్క వేసి చూపించాను. 80 శాతం థ్రాటిల్‌లో ప్రొపెల్లర్ వేగం సుమారు 80 శాతం, భారం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 64 శాతం. మోటారులో 18 ఆంపియర్లు, బ్యాటరీ నుంచి 14.4. స్విచ్ మూసి ఉన్న సమయంలో 2 వాట్ల వేడి. తెరిచి ఉన్న ఆ ఐదో వంతు సమయంలో డయోడ్ వల్ల 3 వాట్లు. సెకనుకు వేల సార్లు మూసి తెరవడంలో ప్రతిసారీ కొంత పోతుంది, అదొక వాటు దగ్గర. మొత్తం 6. మీటర్‌లో కరెంటు సగమైంది, ఈఎస్‌సీ వేడి మాత్రం ఫుల్ థ్రాటిల్‌లో ఉన్నంతే ఉంది!

హెలికాప్టర్లు, గుట్టలెక్కే క్రాలర్ కార్లు నడిపేవాళ్లకు ఇది ఇంకా కష్టం. వాటిలో థ్రాటిల్ తగ్గినా భారం అదే నిష్పత్తిలో తగ్గదు. కొత్త ఈఎస్‌సీల్లో దీనికి మంచి ఉపాయం ఉంది. కరెంటును డయోడ్‌కు వదలకుండా ఆ సమయంలో అవతలి మాస్‌ఫెట్‌ను మూసి దాని గుండా పంపుతారు. 3 వాట్లు కాస్తా అర వాటుకు దిగుతుంది. యాక్టివ్ ఫ్రీవీలింగ్ అనో, డ్యాంప్డ్ మోడ్ అనో రాసి ఉంటే అదే. ఈఎస్‌సీ కొనేటప్పుడు ఆంపియర్ల కంటే ముందు నేను చూసేది ఈ మాట కోసమే.

ఇక రెండో పొయ్యి. విమానంలో రిసీవర్‌కు, సర్వోలకు 5 వోల్టులు ఇచ్చేది బీఈసీ. అది చాలావరకు ఈఎస్‌సీ బోర్డు మీదే ఉంటుంది. మా వాడిది లీనియర్ రకం. అంటే అచ్చం ఆ పాత ఫ్యాన్ డబ్బా పద్ధతే. 12 వోల్టుల్లోంచి 5 వాడుకుని మిగతా 7ను వేడిగా తగలేస్తుంది. నాలుగు చిన్న సర్వోలు సగటున అర ఆంపియర్ తీసుకున్నా 3.5 వాట్లు. నాలుగు సెల్‌ల బ్యాటరీ పెడితే 5 దాటుతుంది. అన్నీ కలిపితే అగ్గిపెట్టె అంత బోర్డులో దాదాపు 10 వాట్లు. నా సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది, అది సీసాన్ని నీళ్లలా కరిగిస్తుంది.

బోర్డు మీది 30 అనే అంకె దగ్గర, ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో, తగినంత గాలి తగులుతుంటే అని ఉంటుంది. ఆ మాటే అసలు షరతు. ఆ అంకె ఎంత కరెంటు పట్టగలదో చెప్పడం లేదు, ఎంత వేడిని వదిలించుకోగలదో చెబుతోంది. మా వాడు బీడు భూమిలో దుమ్ము లేస్తోందని విమానం ముక్కు కింద ఉన్న గాలి కన్నానికి మొదటి ఆదివారం సాయంత్రమే టేపు అంటించాడు. ఫోమ్ అంటే థర్మోకోల్ లాంటిదే, వేడిని బయటికి పోనివ్వదు. బయట 40కి దగ్గర్లో ఉష్ణోగ్రత. మాస్‌ఫెట్ వేడెక్కితే దాని నిరోధం కూడా పెరుగుతుంది, 125 డిగ్రీల దగ్గర సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది. నిరోధం పెరిగితే వేడి మరింత. ఆ చక్రంలో పడ్డాక ఎక్కువసేపు పట్టదు. మాస్‌ఫెట్ చచ్చిపోతే తెరుచుకుపోదు, మూసుకుపోతుంది, బ్యాటరీ షార్ట్ అవుతుంది. అదే బోర్డు మీది బీఈసీ కూడా పోయింది కాబట్టి రిసీవర్ ఆగిపోయింది. మోటారు ఒక్కటే పోయి ఉంటే విమానం జారుకుంటూ దింపుకునేవాళ్లం.

సముద్ర మట్టం

బెంగళూరు సంగతి ఇంకా మిగిలి ఉంది. అది సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. అదే ఉష్ణోగ్రతలో అక్కడి గాలి మన గాలి కంటే సుమారు 10 శాతం పలచన. ఇక్కడి ఎండ వల్ల మన గాలి కొంత వ్యాకోచిస్తుంది కనుక ఆ తేడా 6, 7 శాతానికి తగ్గుతుంది. ప్రొపెల్లర్ లాగే శక్తి గాలి సాంద్రతను బట్టే ఉంటుంది. అక్కడ 27 చూపిన అదే మోటారు, అదే ప్రొపెల్లర్ ఇక్కడ 28 దాటాలి. కొత్త ఈఎస్‌సీ పెట్టాక కొలిస్తే 28.4 వచ్చింది. కరెంటు వర్గం లెక్కన వేడి పదో వంతు పెరిగినట్టు. ఈఎస్‌సీ కాలడానికి ఇదొక్కటే కారణమని అనను. అంచున నిలబడినవాడికి చిన్న తోపు చాలు, అంతే.

అంచు అంటే ఎంత తేలిగ్గా వస్తుందో కూడా చెప్పాలి. ప్రొపెల్లర్ శక్తి వేగపు ఘనాన్ని, వ్యాసపు ఐదో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 10 అంగుళాలది విరిగితే 11 అంగుళాలది బిగించేస్తుంటారు. వేగం అదే ఉంచితే అంగుళం తేడాకు శక్తి 60 శాతం ఎక్కువ. మూడు సెల్‌ల బ్యాటరీ బదులు నాలుగు సెల్‌లది పెడితే కరెంటు ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. పెద్ద ఈఎస్‌సీ పెడితే మోటారులోకి ఎక్కువ కరెంటు తోసేస్తుందేమో అని భయపడేవాళ్లను చూశాను. కరెంటును లాగేది ప్రొపెల్లర్ భారం, ఈఎస్‌సీ తోయదు. 20 ఆంపియర్ల మోటారుకు 60 ఆంపియర్ల ఈఎస్‌సీ పెట్టినా నష్టం బరువు, డబ్బు మాత్రమే.

మేనల్లుడి విమానంలో ఇంకొక తప్పు కూడా కనిపించింది. బరువు సరిచూసుకోవడానికి బ్యాటరీని ముందుకు జరిపి, బ్యాటరీ తీగలకు 20 సెంటీమీటర్ల అతుకు వేశాడు. స్విచ్ మూసి తెరిచే ప్రతిసారీ ఆ పొడవాటి తీగ కరెంటు మార్పును అడ్డుకుంటుంది. ఆ కుదుపంతా ఈఎస్‌సీ మీది గొట్టంలాంటి కెపాసిటర్లు భరించాలి. అవి వేడెక్కి ఉబ్బుతాయి, అవి పోతే మాస్‌ఫెట్‌ల మీదికి వోల్టేజీ దెబ్బలు నేరుగా వస్తాయి. తీగ పొడిగించక తప్పకపోతే మోటారు వైపు మూడు తీగలనే పొడిగించాలి. బ్యాటరీ వైపే పొడిగించాల్సి వస్తే ఈఎస్‌సీకి ఆనుకుని తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) ఉన్న కెపాసిటర్ ఒకటి అదనంగా టంకం వేయాలి. బ్యాటరీ పెట్టేటప్పుడు టప్పున వచ్చే నిప్పురవ్వ కూడా ఈ ఖాళీ కెపాసిటర్లు ఒక్క గుక్కలో నిండడం వల్లే. మూడు సెల్‌లకు అది పెద్ద విషయం కాదు. ఆరు సెల్‌లు వాడేవాళ్లు నిప్పురవ్వ రానివ్వని కనెక్టర్ పెట్టుకుంటే పిన్నులు నల్లబడవు.

సిగ్నల్ గురించి క్లుప్తంగా. రిసీవర్ నుంచి సర్వోలకు వెళ్లే పల్సే ఈఎస్‌సీకీ వస్తుంది. సెకనుకు 50 సార్లు, 1 మిల్లీసెకను అంటే ఆగు, 2 అంటే పూర్తి. ఒక్కో ట్రాన్స్‌మిటర్ కొసలు కాస్త అటూ ఇటూ ఉంటాయి. అందుకే కొత్త ఈఎస్‌సీకి స్టిక్ పైన పెట్టి బ్యాటరీ కలిపి, పీప్ వినగానే కిందికి దింపి కొలతలు నేర్పాలి, ప్రొపెల్లర్ తీసేసి మాత్రమే. డ్రోన్లకు ఈ వేగం చాలదు. అక్కడ డీషాట్ అనే డిజిటల్ పద్ధతి వచ్చింది. 16 బిట్లలో 11 థ్రాటిల్‌కు, 1 టెలిమెట్రీ (ఈఎస్‌సీ తిరిగి పంపే సమాచారం) అడగడానికి, 4 తప్పులు పట్టడానికి. లోపలి సాఫ్ట్‌వేర్‌ను కూడా హాబీ వాళ్లే చాలావరకు ముందుకు నడిపించారు. సైమన్‌కే, చిన్న హెలికాప్టర్ల కోసం పుట్టిన బీఎల్‌హెలీ అలా వచ్చినవే. దాని 32 బిట్ల రూపం 2024లో ఆగిపోయాక చాలామంది అందరికీ తెరిచి ఉన్న ఏఎం32 వైపు మళ్లారు.

కొత్త బోర్డు కోసం ఇద్దరం మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌కు వెళ్లాం. 2022 ఫిబ్రవరిలో కేంద్రం తయారైన డ్రోన్ల దిగుమతిని ఆపినా విడిభాగాలకు అడ్డు లేదు, ఈఎస్‌సీలు దొరుకుతూనే ఉన్నాయి. 50 ఆంపియర్లది, లీనియర్ రకం కాకుండా స్విచ్‌లా పనిచేసే స్విచింగ్ బీఈసీ ఉన్నది తీసుకున్నాం. బ్యాటరీ తీగల అతుకు కోసేసి, మోటారు తీగలు పొడిగించాం. ముక్కు కింద కన్నానికి టేపు పీకేసి సన్నటి దోమతెర ముక్క అతికించాం. లోపలికి వచ్చిన గాలి బయటికి పోవాలి కదా, తోక దగ్గర మొదటి దానికంటే పెద్ద కన్నం ఇంకొకటి కోశాం. మొన్న మధ్యాహ్నం రెండు గంటలకు, 37 డిగ్రీల ఎండలో ఎనిమిది నిమిషాలు ఎగరేసి దింపాడు. నేను పరుగున వెళ్లి మూత తీసి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టాను. 58 చూపించింది. వేలు పెట్టి చూశాడు, తీయకుండా నాలుగు లెక్కపెట్టేదాకా ఉంచగలిగాడు.